బల్లమీది రణరంగం

మహత్తరమైన దానిని చిన్న రూపంలో మలచి, చేతిలోకి తీసుకొని చూడాలనే కోరిక మానవునికి సహజం. ఊరేగే రథాన్ని చెక్కబొమ్మగా చెక్కుకోవడం, నిండు పేరోలగాన్ని బొమ్మల కొలువులో నిలుపుకోవడం మనం ఎరిగినవే. యుద్ధం కూడా ఈ కోరిక నుండి తప్పించుకోలేదు. రథ గజ తురగ పదాతులనే నాలుగు అంగాలు గల సేనను పావులుగా మార్చి గడులపై నిలిపిన క్రీడ చతురంగం. భారతదేశంలో జన్మించిన ఈ క్రీడ పారశీకుల నుండి అరబ్బులకు, వారి నుండి ఐరోపావాసులకు చేరింది. అక్కడ అది మరొక క్రీడకు బీజమైంది. అదే రంగులు వేసిన బొమ్మసైన్యాలతో బల్లమీద ఆడే యుద్ధక్రీడ.

1780లో నేటి జర్మనీలోని బ్రౌన్‌ష్వైక్ నగరంలో హెల్విగ్ అనే గణితాచార్యుడు చదరంగాన్ని విస్తరింపజేసి, వెయ్యికి పైగా గడులు గల పలకను రూపొందించాడు. కొండలను, నదులను, చిత్తడినేలలను గడుల రంగులే సూచించేవి. 1812లో ప్రష్యా దేశీయుడైన రైస్విట్జ్ గడులను విడిచిపెట్టి, నిజమైన నేల వలె ఎత్తుపల్లాలు గల ఆటబల్లను తన రాజుకు సమర్పించాడు. సేనాధికారి అయిన అతని కుమారుడు 1824లో ఆ ఆటను యుద్ధపటంపై ఆడేవిధంగా సంస్కరించాడు. ఆటగాళ్ళు తమ ఆజ్ఞలను వ్రాసి మధ్యవర్తికి ఇవ్వాలి. కాల్పుల ఫలితాన్ని పాచికలు నిర్ణయిస్తాయి. దీని ప్రయోజనాన్ని గుర్తించిన ప్రష్యా సేనానాయకుడు మఫ్లింగ్ తన సైన్యమంతటా దీనిని నేర్పించాలని సూచించాడు. ఆ విధంగా వినోదానికి పుట్టిన ఆట యుద్ధానికి పాఠశాలగా మారింది.

మరొకవైపు పిల్లల కోసం సైనికుల బొమ్మలు తయారవుతూ వచ్చాయి. పద్దెనిమిదవ శతాబ్దంలోనే న్యూరెంబర్గ్ నగరపు పనివారు తగరంతో రేకు వలె పలచని బొమ్మలను పోతపోసేవారు. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ సంస్థ కొత్త పద్ధతిని అవలంబించింది. కరిగిన సీసాన్ని అచ్చులో పోసి, అంచుల వద్ద గట్టిపడిన వెంటనే లోపల మిగిలిన లోహాన్ని వెలుపలికి వంచివేస్తే బొమ్మ గుల్లగా ఏర్పడుతుంది. లోహం తగ్గినందువల్ల బరువు తగ్గింది. బరువుతో పాటు వెల కూడా తగ్గింది. సామాన్య కుటుంబాల పిల్లలు సైతం ఒక చిన్న పటాలాన్ని కూడబెట్టుకోగల అవకాశం కలిగింది.

ఈ రెండు పాయలను ఒకటిగా కలిపిన రచయిత హెచ్. జి. వెల్స్. కాలంలో ప్రయాణించే యంత్రాన్ని ఊహించి నవల వ్రాసిన ఆయన, 1913లో ‘లిటిల్ వార్స్’ అనే చిన్న పుస్తకాన్ని ప్రచురించాడు. అందులోని నియమాలు సరళమైనవి. కాల్బలం ఒక విడతలో ఒక అడుగు, అశ్వబలం రెండు అడుగులు కదలవచ్చు. దూరాన్ని దారంతో కొలుస్తారు. స్ప్రింగు అమర్చిన బొమ్మఫిరంగి నుండి దూసుకువచ్చిన చెక్కముక్క తగిలి పడిపోయిన సైనికుడు మరణించినట్లే. నిజమైన సేనాధికారులు కూడా ఈ చిన్న యుద్ధంలో తడబడటం వెల్స్ గమనించాడు. నేలమీద పరచిన బొమ్మలనే సరిగా నడపలేనివారి చేతిలో లక్షలాది మనుషుల ప్రాణాలు ఉంటే ఏమవుతుందని ఆయన ఆందోళన చెందాడు. యుద్ధోన్మాదులందరినీ ఒక విశాలమైన మందిరంలో ఉంచి, కావలసినన్ని బొమ్మలను ఇచ్చి, అక్కడే పోరాడుకోనివ్వాలని వ్యంగ్యంగా సూచించాడు.

నేటి ఆటగాళ్ళకు ఆట ఎంత ముఖ్యమో, సేనను సిద్ధం చేసుకోవడం కూడా అంతే ముఖ్యం. ఇప్పటి బొమ్మలు ఎక్కువగా ప్లాస్టిక్‌తో గాని, సీసం కలపని మిశ్రమలోహంతో గాని తయారవుతున్నాయి. వాటిలో విరివిగా కనిపించే పరిమాణం సుమారు 28 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి కొంచెం ఎక్కువ. ముందుగా అచ్చు అతుకుల వద్ద మిగిలిన గీతలను చిన్న కత్తితో, ఆకురాయితో తొలగిస్తారు. రంగు పట్టుకొనేందుకు అడుగుపూత పూస్తారు. తరువాత అంగీకి, టోపీకి, తుపాకికి, ముఖానికి వేరువేరు రంగులు వేస్తారు. ఇంతటితో పని ముగియదు. ఇంత చిన్న బొమ్మపై వెలుగు పడినా, మనిషి శరీరంపై కనిపించినంత స్పష్టంగా నీడలు ఏర్పడవు. అందువల్ల నీడలను కూడా చిత్రకారుడే సృష్టించాలి. పలచని ముదురురంగును పైన పారిస్తే అది బట్టల ముడతలలో నిలిచి నీడను తలపిస్తుంది. ఎత్తైన అంచులపై లేతరంగును తాకిస్తే వెలుగు పడిన భ్రాంతి కలుగుతుంది. ఒక సాధారణ సైనికునికి ఒక గంట పట్టినా ఆశ్చర్యం లేదు. పటాలం పూర్తి కావడానికి నెలలు గడుస్తాయి.

ఈ కళకు ఓర్పుతో పాటు సత్యనిష్ఠ కూడా అవసరం. నెపోలియన్ కాలపు బ్రిటిష్ కాల్బలానికి ఎర్ర అంగీ, ప్రష్యా కాల్బలానికి నీలి అంగీ, ఆస్ట్రియా కాల్బలానికి తెల్ల అంగీ వేయవలసి ఉంటుంది. కనుక రంగులు కలపడానికి ముందే చరిత్రగ్రంథాలు చదవాలి. ఈ సత్యనిష్ఠకు మూల్యం చెల్లించిన వ్యక్తి విలియం సైబోర్న్. 1815లో జరిగిన వాటర్లూ యుద్ధాన్ని నమూనాగా నిర్మించే పనిని ఈ బ్రిటిష్ అధికారి చేపట్టాడు. 1830లో ఆ రణభూమికి వెళ్ళి, ఎనిమిది నెలలు అక్కడే నివసించి నేలను కొలిచాడు. యుద్ధంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు వ్రాసి, ఎవరు ఏ క్షణంలో ఎక్కడ నిలిచారో అడిగి తెలుసుకున్నాడు. మధ్యలో ప్రభుత్వం ధనసహాయాన్ని ఆపివేసింది. అప్పులపాలైనా ఆయన పని మానలేదు. దాదాపు 75 వేల చిన్న బొమ్మలతో ఆ నమూనా 1838లో లండన్‌లో ప్రదర్శితమైంది. అయితే విజయంలో ప్రష్యా సేనకు అధిక ప్రాధాన్యం కనిపిస్తున్నదని విజేత వెల్లింగ్టన్ పక్షం ఆక్షేపించింది. చివరకు సైబోర్న్ ప్రష్యా సైనికుల బొమ్మలలో చాలావాటిని తొలగించవలసివచ్చింది. అంగుళమైనా లేని బొమ్మలు చెప్పే సత్యానికి సైతం అధికారం భయపడిందని ఈ వృత్తాంతం తెలుపుతున్నది.

ఇరవయ్యవ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఈ క్రీడ విస్తృతంగా వ్యాపించింది. 1962లో ‘వార్ గేమ్స్’ అనే గ్రంథాన్ని రచించి దానికి కారకులైనవారిలో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ ముఖ్యుడు. ఆయన రెండవ ప్రపంచయుద్ధంలో ట్యాంకుల దళంలో పనిచేసినవాడు. నిజమైన యుద్ధాన్ని కళ్ళారా చూసినవాడే బొమ్మల యుద్ధాన్ని పదిమందికి నేర్పడం గమనార్హం. 1983లో ఇంగ్లండులో వెలువడిన ‘వార్‌హామర్’ కల్పిత లోకాల సేనలను బల్లమీదికి తెచ్చింది.

ఇటువంటి ఆట మనసులో యుద్ధకాంక్షను పెంచదా అనే సందేహం కలగడం సహజం. ప్రష్యా సైన్యం దీనిని యుద్ధానికే ఉపయోగించిందన్నది కాదనలేని నిజం. వెల్స్ పుస్తకం వెలువడిన మరుసటి సంవత్సరమే, 1914లో, మొదటి ప్రపంచయుద్ధం ప్రారంభమైంది. అది యుద్ధాలన్నింటికీ ముగింపు పలుకుతుందని ఆయన ఆశించాడు. 1939లో ఆ ఆశ కూడా భగ్నమైంది. ఆట యుద్ధాన్ని ఆపలేదు.

అయినప్పటికీ కుంచె పట్టినవారికి ఒక విషయం అనుభవంలోకి వస్తుంది. వార్తలలో సైన్యం ఒక సంఖ్య. బల్లమీద మాత్రం అది ఒక్కొక్క ముఖం. కనుబొమను దిద్ది, బొత్తాముకు మెరుగు పెట్టి, గంటసేపు చేతిలో పట్టుకొన్న సైనికుడు పడిపోతే, అది బొమ్మ అని తెలిసినా మనసు చివుక్కుమంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో సుమారు 90 లక్షల మంది సైనికులు మరణించారు. వారిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క బొమ్మ చొప్పున, బొమ్మకు ఒక గంట చొప్పున, రాత్రింబవళ్ళు విరామం లేకుండా రంగులు వేసినా వెయ్యి సంవత్సరాలకు పైగా పడుతుంది. వారిని పోగొట్టుకోవడానికి మానవజాతికి పట్టిన కాలం నాలుగు సంవత్సరాల మూడు నెలలు మాత్రమే.