జింకు బ్యాడ్జీకి చింతపండు వద్దు

ఇత్తడి చెంబు నల్లబడితే చింతపండు పెట్టి తోముతాం. పాత సైనిక బ్యాడ్జీ చేతికొచ్చినా చాలామందికి మొదట తోచేది అదే. ఇత్తడిదైతే మెరుస్తుంది. జింకుదైతే దాని మీది బొమ్మ, అక్షరాలు ఆ పులుపుకి కొద్దికొద్దిగా కరిగిపోతాయి.

అసలు జింకుతో బ్యాడ్జీలు ఎందుకు చేశారు? రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి రాగి, నికెల్ కరువయ్యాయి. ఆయుధాల తయారీకి అవే కావాలి. అందుకని పదాతిదళ బ్యాడ్జీలు, గాయపడిన సైనికులకిచ్చే బ్యాడ్జీలు యుద్ధం ముదిరేకొద్దీ జింకుతో చేసి, పైన వెండి రంగో కంచు రంగో పలచగా పూశారు. అక్కడి 1, 5, 10 ఫెన్నిగ్ నాణేలు కూడా అప్పుడు జింకువే. ఆ యుద్ధంలో మన 4, 8, 10 డివిజన్లు ఇటలీలో జర్మన్లతో పోరాడాయి. కాబట్టి అలాంటి బ్యాడ్జీ మన దేశంలో ఏ పాత ట్రంకు పెట్టెలోనైనా కనిపించవచ్చు.

జింకు నీలిఛాయ గల బూడిద రంగులో ఉంటుంది. అయస్కాంతానికి అంటదు. ఇనుముకి పట్టేది ఎర్రని తుప్పు, ఇత్తడికి పట్టేది పచ్చని చిలుము. జింకు మీద తెల్లని పొడి లేస్తుంది.

గాలి తగిలిన జింకు ముందు ఆక్సైడ్‌గా, తర్వాత తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కార్బొనేటుగా మారి, ఒంటికి అతుక్కున్న బూడిద పొర కట్టుకుంటుంది. ఆ పొరే దానికి కవచం. మనకది మురికిలా కనిపిస్తుంది, అక్కడే వస్తుంది చిక్కు. నిమ్మకాయ ఒక్కటే కాదు, బూడిద, సోడా వంటి క్షారాలు కూడా పనికిరావు. పదో తరగతిలో జింకు గుళికలను ఆమ్లంలో వేసి చూసినవారికి, సోడియం హైడ్రాక్సైడ్‌తో వేడిచేసి చూసినవారికి కారణం తెలుసు. రెండింటిలోనూ హైడ్రోజన్ బుడగలు వస్తాయి, జింకు కరుగుతుంది.

తోమకపోయినా ఆమ్లం ఇంకో దారిలో వస్తుంది. చెక్క నుంచి, మరీ ముఖ్యంగా ఓక్ చెక్క నుంచి, అసిటిక్ ఆమ్లపు ఆవిరి వస్తూనే ఉంటుంది. వెనిగర్‌లో ఉండేది అదే. ప్లైవుడ్, మామూలు అట్టపెట్టెలదీ ఇంచుమించు అదే గుణం. బదిలీ అయిన ప్రతిసారీ సర్దిన పెట్టెల్లో ఒకటి రెండు ఏళ్ల తరబడి విప్పకుండా ఉండిపోవడం మన ఇళ్లలో మామూలే. జింకు వస్తువుకి అంతకన్నా చెడ్డచోటు లేదు. మెత్తని పీవీసీ కవర్లూ వద్దు.

చేయవలసింది కొంచెమే. చెమట చేత్తో పట్టుకోకుండా, తెల్లపొడిని పొడి మెత్తని కుంచెతో దులపాలి. బూడిద పొరను గీకకూడదు. పాలిథిన్ జిప్ కవరులో సిలికా జెల్ పొట్లంతో పాటు ఉంచాలి. సముద్రతీరంలో ఉంటే, వానాకాలంలో ఆ పొట్లం తరచూ మార్చాలి. మ్యూజియాల్లో పలచగా మైక్రోక్రిస్టలైన్ మైనం రాస్తారు. అది తేమను ఆపుతుంది, కావాలంటే తీసేయవచ్చు కూడా. అందుకే వార్నిష్ కన్నా అది నయం.

ఒక్క జబ్బుకి మాత్రం మందు లేదు. పోతపోసిన జింకులో సీసం కొద్దిగా కలిసినా, తేమకి లోపలి నుంచే పగుళ్లిచ్చి, వస్తువు ఉబ్బి ముక్కలవుతుంది. అలాంటి గీతలు కనిపిస్తే పొడిచోట ఉంచి, రెండు వైపులా స్పష్టమైన ఫొటోలు వెంటనే తీసి పెట్టుకోవాలి.