గ్రో క్యాబినెట్‌లో మొక్కలు వాడిపోతున్నాయా..? పెద్ద ఫ్యాన్ కొనేముందు ఈ చిన్న లెక్క వేసుకోండి!

బాల్కనీ లేదు.. కిటికీలోంచి ఎండ రాదు.. అయినా ఇంట్లోనే ఆకుకూరలు పెంచుకోవాలనే ఆసక్తి చాలామందిలో ఉంటుంది. అలాంటివాళ్లు పాత అల్మారాకో, చెక్క బీరువాకో ఎల్ఈడీ గ్రో లైట్లు బిగించి లెట్యూస్, కొత్తిమీర, మైక్రోగ్రీన్స్ వేస్తున్నారు. చలికాలమంతా పంట బాగానే వస్తుంది. మార్చి దాటిందంటే మాత్రం సీన్ మారిపోతుంది. గింజలు మొలవవు. మొలిచిన నారు కాడ దగ్గర కుళ్లి పడిపోతుంది. ఎదిగిన లెట్యూస్ చేదెక్కుతుంది. వెంటనే చాలామంది చేసే పని.. ఇంకా పెద్ద ఫ్యాన్ కొనడం. కొన్నిసార్లు దానివల్ల ఫలితం ఉంటుంది, చాలాసార్లు డబ్బు దండగే. ఎందుకంటే క్యాబినెట్ వేడెక్కడానికి రెండు వేర్వేరు కారణాలు ఉంటాయి. మీ ఇంట్లో ఉన్నది ఏదో ముందు తెలుసుకోవాలి.

ఎల్ఈడీ చల్లగా ఉంటుందనుకుంటే పొరపాటే!

ఎల్ఈడీ వేడెక్కదనే మాట సగమే నిజం. పాత బల్బుతో పోలిస్తే అదే వెలుతురుకు తక్కువ కరెంటు తీసుకుంటుంది, అంతే. తీసుకున్న కరెంటులో కొంత నేరుగా వేడిగా మారుతుంది. మిగతాది వెలుతురై ఆకుల మీద, గోడల మీద పడి చివరికి అదీ వేడిగానే మారుతుంది. మొక్క తనలో దాచుకునేది చాలా కొంచెం. అంటే 100 వాట్ల లైటు పెడితే, ఆ పెట్టెలో దాదాపు 100 వాట్ల హీటర్ పెట్టినట్టే లెక్క.

రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న క్యాబినెట్‌లో ఉండే గాలి బరువు సుమారు అరకిలో మాత్రమే. అంత కొంచెం గాలి వేడెక్కడానికి గంటలు పట్టదు, నిమిషాలు చాలు. అందుకే తలుపు మూసి ఫ్యాన్ ఆపితే లోపల ఉష్ణోగ్రత చకచకా పెరిగిపోతుంది.

రెండు థర్మామీటర్లతో అసలు సంగతి తేలిపోతుంది

తేమను కూడా చూపించే చిన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు తీసుకోండి. ఒకటి క్యాబినెట్ లోపల మొక్కల ఎత్తులో, లైటు నేరుగా పడకుండా చిన్న అట్టముక్క నీడలో పెట్టండి. రెండోది గదిలో, క్యాబినెట్‌లోకి గాలి వెళ్లే రంధ్రం దగ్గర ఉంచండి. లైటు, ఫ్యాన్ వేసి తలుపు మూసేయండి. గంట తర్వాత రెండింటినీ చూడండి.

లోపలికీ బయటికీ తేడా 5 డిగ్రీల కంటే ఎక్కువుంటే గాలి సరిపోవడం లేదని అర్థం. ఫ్యాన్, రంధ్రాలు సరిచేస్తే ఉపయోగం ఉంటుంది. తేడా 2, 3 డిగ్రీలే ఉండి, లోపల ఇంకా 36, 37 చూపిస్తుంటే సమస్య ఫ్యాన్‌లో లేదు. మీ గదే వేడిగా ఉంది. ఫ్యాన్ గది గాలిని లోపలికి తేగలదు కానీ దాన్ని చల్లబరచలేదు. ఎంత ఖరీదైన ఫ్యాన్ బిగించినా క్యాబినెట్ గది కంటే చల్లగా ఉండదు. పెద్ద ఫ్యాన్ కొని నష్టపోయేవాళ్లు తప్పేది సరిగ్గా ఇక్కడే.

ఫ్యాన్ ఎంత ఉండాలి? లెక్క ఇదే..

లైటు వాట్లను 3తో గుణించండి. గదికీ క్యాబినెట్‌కీ మధ్య ఎన్ని డిగ్రీల తేడా ఉన్నా ఫర్వాలేదనుకుంటున్నారో ఆ అంకెతో భాగించండి. గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి బయటికి పోవాలో సుమారుగా వచ్చేస్తుంది. ఉదాహరణకు 100 వాట్ల లైటు, 3 డిగ్రీల తేడా అనుకుంటే గంటకు 100 ఘనపు మీటర్లు. ఫ్యాన్ల మీద రాసే సీఎఫ్ఎం కొలతలో చెప్పాలంటే దాదాపు 60. అదే 5 డిగ్రీలకు సర్దుకుంటే 35 సీఎఫ్ఎం చాలు.

అయితే డబ్బా మీద రాసిన అంకె ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటిది. వలలు, ఫిల్టర్, వంపులు తిరిగిన పైపు పెడితే అసలు గాలి బాగా తగ్గిపోతుంది. కాబట్టి లెక్కకు వచ్చినదాని కంటే ఒకటిన్నర, రెండు రెట్లు ఉన్న ఫ్యాన్ తీసుకుని, స్పీడ్ తగ్గించి నడుపుకోవడం మంచిది. శబ్దం కూడా తగ్గుతుంది.

గాలికి దారి ఉందా?

వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పైన ఉండాలి. గాలి లోపలికి వచ్చే రంధ్రాలు కింద, ఫ్యాన్‌కు ఎదురు మూలన ఉండాలి. అప్పుడు గాలి మొక్కలన్నిటినీ దాటుకుంటూ పోతుంది. రెండూ పక్కపక్కనే ఉంటే వచ్చిన గాలి వచ్చినట్టే బయటికి వెళ్లిపోతుంది, మొక్కలకు అందదు. కింది రంధ్రాల మొత్తం వైశాల్యం ఫ్యాన్ నోటికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఇంకోటి.. ఫ్యాన్ వదిలే వేడి గాలి వెనక గోడకు తగిలి మళ్లీ కింది రంధ్రంలోకే దూరకుండా క్యాబినెట్‌ను గోడ నుంచి కాస్త జరపాలి.

లోపల గాలి కదలడానికి మరో చిన్న ఫ్యాన్ కూడా ఉంటే మేలు. ఆకులు మెల్లగా ఊగితే చాలు. గాలి కదలకపోతే ఆకుల చుట్టూ తేమ నిలిచిపోతుంది. నారుకుళ్లు తెగులుకు అదే అనుకూలం. లెట్యూస్ లేత ఆకుల అంచులు మాడటానికీ ఇదొక కారణం. గాలి ఆడక ఆకుల్లోంచి నీరు ఆవిరి కాకపోతే, ఆ నీటితోపాటు రావాల్సిన కాల్షియం లేత ఆకులకు చేరదు. లైట్లు ఆపగానే లోపలి గాలి చల్లబడి తేమ శాతం పెరుగుతుంది. అందుకే లైటుతోపాటు ఫ్యాన్ ఆపేయకండి. తక్కువ స్పీడ్‌లో తిరగనివ్వండి.

లైటు తగ్గిస్తే వేడీ తగ్గుతుంది

రెండడుగుల చదరంలో ఆకుకూరలకు మంచి సామర్థ్యమున్న ఎల్ఈడీ 40 నుంచి 50 వాట్లు, రోజుకు 14 గంటలు వెలిగితే సరిపోతుంది. చాలామంది 100 వాట్లు పెట్టి, మళ్లీ ఆ వేడిని పంపడానికి ఫ్యాన్ల మీద ఖర్చు పెడుతున్నారు. డిమ్మర్ ఉంటే సగానికి తగ్గించండి. వేడి సగం, కరెంటు బిల్లూ సగం. 100 వాట్లు 14 గంటలంటే నెలకు 42 యూనిట్లు. 50 వాట్లయితే 21 యూనిట్లే. లైటు కొనేటప్పుడు పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న '1000 వాట్స్' చూసి మోసపోకండి. నిజంగా ఎంత కరెంటు తీసుకుంటుందో లేబుల్ మీద చూడండి. ఎల్ఈడీ డ్రైవర్‌ను క్యాబినెట్ బయట బిగిస్తే మరో పది శాతం వరకు వేడి లోపలికి రాకుండా ఉంటుంది.

పగలు చీకటి.. రాత్రి వెలుతురు

గదే వేడిగా ఉన్నప్పుడు మిగిలిన మార్గాల్లో చౌకైనది టైమర్. మధ్యాహ్నం ఎండ మండిపోయే వేళ లైటు వేడి కూడా తోడవకుండా, లైట్లను రాత్రికి మార్చండి. అయితే చీకటి పడగానే వేయొద్దు. పై అంతస్తు ఫ్లాట్లలో పగలంతా కాలిన శ్లాబ్ రాత్రి చాలాసేపు సెగ వదులుతూనే ఉంటుంది. తెల్లవారుజామున గది ఎక్కువ చల్లగా ఉంటుంది. కాబట్టి వేసవిలో రాత్రి 9 నుంచి ఉదయం 9 వరకు, 12 గంటలు వేస్తే చాలు. రాత్రిపూట బెడ్‌రూమ్‌లో ఎలాగూ ఏసీ వేస్తారనుకుంటే క్యాబినెట్‌ను అక్కడికే మార్చొచ్చు. ఒక టన్ను ఏసీ సుమారు 3,500 వాట్ల వేడిని బయటికి పంపగలదు. దానికి 50 వాట్లు ఓ లెక్క కాదు. నిద్ర పాడవకుండా తలుపు సందుల్లోంచి వెలుతురు రాకుండా చూసుకుంటే చాలు.

ఐస్ బాటిల్, తడిగుడ్డ చిట్కాలు పనిచేస్తాయా?

లీటరు ఐస్ కరగడానికి తీసుకునే వేడి 93 వాట్-అవర్లు. అంటే 100 వాట్ల లైటు వేడికి గంట కూడా రాదు. పైగా ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆ చల్లదనాన్ని బయటికి పంపేస్తుంది. తడిగుడ్డ, కూలర్ చిట్కా పొడి ఎండలుండే తెలంగాణ జిల్లాల్లో కొంత పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో మాత్రం చల్లదనం రాదు సరికదా తేమ పెరిగి తెగుళ్లు వస్తాయి.

పంట మార్చినా తప్పు లేదు

లెట్యూస్ చల్లదనం కోరే పంట. 15 నుంచి 24 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది. 30 దాటితే చాలా రకాల గింజలు సరిగా మొలకెత్తవు. కొత్తిమీర ఎండకు త్వరగా పూతకొస్తుంది. గది 34, 35 కంటే దిగకపోతే ఏప్రిల్, మే నెలల్లో తోటకూర, బచ్చలి, గోంగూర వేసుకోండి. అవి మన ఎండలకు అలవాటు పడ్డ కూరలే. లెట్యూస్‌ను చలికాలానికి వదిలేయండి.

ఈ జాగ్రత్తలు మరవొద్దు!

నీళ్లు, కరెంటు, చెక్క ఒకేచోట ఉన్న పెట్టె ఇది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ క్యాబినెట్ బయట, ట్రేల కంటే ఎత్తులో ఉండాలి. అన్నిటికన్నా ప్రమాదం.. లైటు వెలుగుతూ ఫ్యాన్ ఆగిపోవడం. అందుకే లైటు ప్లగ్‌ను థర్మోస్టాట్ సాకెట్‌కు పెట్టి, లోపల 38 డిగ్రీలు దాటితే లైటు దానంతటదే ఆరిపోయేలా సెట్ చేయండి. కరెంటు పనులు ఎలక్ట్రీషియన్‌తోనే చేయించుకోండి. ఇన్వర్టర్ ఉంటే దానికి ఫ్యాన్ మాత్రమే కలపండి, లైటు వద్దు. కొన్ని గంటలు వెలుతురు లేకపోయినా మొక్కలు తట్టుకుంటాయి. గాలి ఆడని ఉక్కను మాత్రం తట్టుకోలేవు.