‘సెటిలైన్రా బిడ్డా?’: పరాయి దేశంలో కుదురుకోవడంపై అపోహలు, వాస్తవాలు

జనగామలో దిగిన ప్రతిసారీ నాకు మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే. పోయినసారి సంక్రాంతికి వెళ్లినప్పుడు సూట్‌కేసులు ఇంకా గడప దాటలేదు, పక్కింటి పెద్దమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి అడిగింది: “ఏం బిడ్డా, సెటిలైన్రా మరి?”

మేం అమెరికా వెళ్లి పదహారేండ్లు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. ఇల్లుంది, ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, పిల్లలు చదువుకుంటున్నారు. అయినా “అయినం పెద్దమ్మా” అనడానికి నాకు నోరు రాలేదు. “అయితున్నం” అన్నాను.

వలస మా దిక్కు కొత్త కాదు. కరువు నేల మాది. అమెరికా పేరు వినకముందే కొడకండ్ల నేతన్నలు సూరత్, భివండి బాట పట్టారు. ఇంటికొకరు హైదరాబాద్ పోయారు. ఇంత అనుభవమున్న ఊరే ‘సెటిల్’ అనే మాటను ఉద్యోగం, పెండ్లి, ఇల్లు అనే మూడు కొలతలతో చూస్తుంది. వెళ్లినవాళ్లు కూడా ఆ కొలతలతోనే తమను తాము కొలుచుకుని, ‘నాలోనే ఏదో లోపముంది’ అని కుమిలిపోతారు. వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

అపోహ: ఏడాది గడిస్తే అంతా అలవాటైపోతుంది

వాస్తవం: నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లిస్గార్డ్ ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లొచ్చిన 200 మంది తన దేశస్థులతో మాట్లాడి, 1955లో తన పరిశీలనలు ప్రచురించాడు. ఆరు నెలల లోపే ఉండి వచ్చినవాళ్లు బాగానే గడిపారు. ఏడాదిన్నర దాటినవాళ్లూ కుదురుకున్నారు. నడుమ ఆరు నుంచి పద్దెనిమిది నెలలు ఉన్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. ‘ఇంక అలవాటైపోయి ఉంటది’ అనుకుని ఇంటినుంచి ఫోన్లు తగ్గే కాలం సరిగ్గా అదే.

ఆ లెక్క కూడా అందరికీ సరిపోదని తర్వాత తేలింది. న్యూజిలాండ్‌కు చదువుకోవడానికి వచ్చిన జపాన్ విద్యార్థులను దిగిన రోజు నుంచి ఏడాది పొడవునా గమనించి 1998లో వెలువరించిన పరిశోధనలో, దిగిన తొలి రోజుల్లోనే బెంగ అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది. కొందరికి మొదటి వారం గండం, కొందరికి పదో నెల.

నాకు పదో నెల. మేం 2009 మార్చిలో వెళ్లాం. తర్వాతి సంక్రాంతికి అమ్మ సకినాలు పంపింది. స్టీలు డబ్బాలో పేర్చి, చుట్టూ పాత చీర ముక్క చుట్టి, దారంతో కుట్టింది. విప్పి చూస్తే ఒక్క సకినం కూడా చుట్టుగా మిగల్లేదు. అడుగున నువ్వులు, వాము, పిండి కలిసిన పొడి. పారేయబుద్ధి కాక వారం రోజులు ఆ పొడిని చెంచాతో తిన్నాను. ఫోన్‌లో మాత్రం “మంచిగొచ్చినయమ్మా, ఒక్కటి ఇరగలే” అని చెప్పాను. పది నెలలైనా ఇట్లున్నానేంటని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు అక్కర్లేదని అప్పుడు నాకెవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

అపోహ: భర్త సెటిలైతే ఇల్లంతా సెటిలైనట్టే

వాస్తవం: ఒకే విమానంలో దిగిన భార్యాభర్తలు ఒకే వేగంతో కుదురుకోరు. ఆయనకు దిగిన మరుసటి సోమవారమే ఒక ఆఫీసు, ఒక కుర్చీ, పేరు పెట్టి పిలిచే పదిమంది దొరికారు. హెచ్–1బీ ఉద్యోగి భార్యగా నాకు వచ్చింది హెచ్–4. ఆ వీసా మీద జీతం తీసుకునే పని చేయకూడదు. వరంగల్‌లో ఎమ్మెస్సీ చేసి, జనగామలో రెండేండ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, బ్యాంకు ఖాతాకు, కారుకు, అన్నిటికీ ఆయన పేరు మీదే ఆధారపడ్డాను.

2015 మే 26 నుంచి అమల్లోకి వచ్చిన నియమం వల్ల, గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటిన హెచ్–1బీ వాళ్ల జీవిత భాగస్వాములకు పనిచేసే అనుమతి దొరికింది. నా అనుమతి కార్డు వచ్చేనాటికి ఇంట్లో ఆరేండ్లు గడిచిపోయాయి. కాబట్టి బిడ్డను అమెరికా పంపే తల్లిదండ్రులు అల్లుడి జీతం ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. బిడ్డ ఏ వీసా మీద పోతుంది, ఎప్పటినుంచి పనిచేయొచ్చు అనేది కూడా అడగాలి. ఇందులో తప్పేమీ లేదు.

అపోహ: గ్రీన్ కార్డు వచ్చేదాకా సెటిల్ కానట్టే, వచ్చిందంటే అయిపోయినట్టే

వాస్తవం: ముందు ఆ క్యూ సంగతి. ఉద్యోగాల కోటాలో అమెరికా ఏడాదికిచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. భార్యాపిల్లల కార్డులు కూడా ఈ లెక్కలోవే. 1990 నాటి చట్టం ప్రకారం ఏ ఒక్క దేశానికీ మామూలుగా 7 శాతం మించకూడదు. చిన్న దేశానికైనా, మన దేశానికైనా అదే పరిమితి. అందుకే మనవాళ్ల వరుస అంత పొడవు. ఎక్కువమంది తెలుగు ఇంజినీర్లుండే ఈబీ–2 వర్గంలో 2025 అంతా భారతీయుల వంతు 2012, 2013 తేదీల మధ్యే కదిలింది. మా దరఖాస్తు తేదీ 2014ది.

ఆ వరుసలో నిలబడినవాళ్ల భయం ఉత్తుత్తి భయం కాదు. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు. మా పెద్దబిడ్డ జనగామలో పుట్టింది. మా కార్డు రాకముందే ఆమెకు చట్టం లెక్కలో 21 ఏండ్లు నిండితే, మా దరఖాస్తులోంచి ఆమె పేరు తొలగిపోతుంది, స్టూడెంట్ వీసాలాంటిది సొంతంగా తెచ్చుకోవాలి. చిన్నోడు ఇర్వింగ్‌లో పుట్టాడు, కాబట్టి పుట్టుకతోనే ఆ దేశ పౌరుడు. ఒకే కంచంలో అన్నం తినే అక్కాతమ్ముళ్లకు రెండు తీర్ల కాగితాలు. ఈ సంగతి మా బిడ్డకు పదమూడో ఏట చెప్పాం. చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, “అయితే నేను జనగామ పోవాల్నా?” అని అడిగింది. ఆమెకు జనగామ అంటే ఇష్టమే. ఆ రోజు మాత్రం ఆ మాటను శిక్షలాగా అడిగింది.

కార్డు విలువ అంత గట్టిది. కానీ కార్డు వచ్చిన మా స్నేహితులను దగ్గరనుంచి చూశాను. కార్డు చేతికొచ్చిన రాత్రి కంటినిండా నిద్రపోయారు. నెల తిరిగేసరికి, అప్పటిదాకా కార్డు చాటున దాగిన దిగులు బయటికొచ్చింది. ఊళ్లో తల్లిని ఎవరు చూసుకోవాలి, ఈ ఉద్యోగం అసలు నాకు ఇష్టమేనా అని. కార్డున్నా ఏడాదికి మించి అమెరికా బయట ఉంటే అది నిలవడం కష్టం. పౌరసత్వానికి మామూలుగా మరో ఐదేండ్లు ఆగాలి. ఇంకోవైపు, కార్డు లేకుండానే బడి, గుడి, ఇరుగుపొరుగుతో నిండుగా కలిసిపోయి బతుకుతున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. వాళ్లను సెటిల్ కాలేదని ఎట్లా అంటాం?

అపోహ: సొంతిల్లు కొంటే సెటిలైనట్టే

వాస్తవం: ఆ ఇల్లు చాలామందికి 30 ఏండ్ల అప్పు. మేముండే టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కానీ ఇంటి పన్ను మాత్రం ఏటా ఇంటి విలువలో దాదాపు రెండు శాతం దాకా ఉంటుంది. గృహప్రవేశం ఫొటోలో ఇవేవీ కనబడవు.

అపోహ: మన భాష, మన పండుగలు పట్టుకుని వేలాడితే అక్కడ కలిసిపోలేం

వాస్తవం: కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బెర్రీ, ఆయన సహచరులు 13 దేశాల్లో ఐదు వేలకు పైగా వలస కుటుంబాల పిల్లలను పరిశీలించి 2006లో ఒక పుస్తకం వెలువరించారు. ఇంటి సంస్కృతినీ కొత్త దేశాన్నీ రెండింటినీ పట్టుకున్న పిల్లలే మనసు కుదురుగా, చదువులో, నడవడిలో మెరుగ్గా ఉన్నారు. రెంటికీ దూరమై ఎటూ తేలని పిల్లలే ఎక్కువగా నలిగిపోయారు.

మారిషస్‌కు పందొమ్మిదో శతాబ్దంలో కూలీలుగా వెళ్లిన మనవాళ్లను ఎక్కిన రేవు పేరుతో ‘కోరంగీలు’ అని పిలిచారు. తరాలు గడిచాయి. ఇంట్లో మాట క్రియోల్ అయిపోయింది. వాళ్లు ఆ దేశానికి పూర్తిగా చెందినవాళ్లు. అయినా ఉగాదిని వదల్లేదు. ఇప్పుడు ఆ రోజు అక్కడ ప్రభుత్వ సెలవు.

మా బతుకమ్మ సంగతి చెప్పాలి. ఇర్వింగ్‌లో తంగేడు లేదు. మొదటి ఏడు దుకాణంలో కొన్న చామంతులతో పేరిస్తే బతుకమ్మ ఓ పక్కకు ఒరిగింది. మూడో ఏడు ఒక నర్సరీలో పట్టుకుచ్చు మొక్క కనిపించింది. మన గునుగు కుటుంబానిదే. పెరట్లో నాటాం. పూలు కోసి, కాడలు ఒక్క కొలతకు కత్తిరించి, గుమ్మడాకు మీద వరుసగా పేరుస్తుంటే పక్కింటి మెక్సికన్ అవ్వ కంచె మీదినుంచి చూసి, చేతిలో బంతిపూలు పట్టుకుని వచ్చింది. చచ్చిపోయిన పెద్దల పండుగకు వాళ్లు బంతిపూలు పరుస్తారట. మాకిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆ రోజు చివరి రెండు వరుసలు ఆమె పేర్చింది. జనగామ బతుకమ్మకుంట గట్టుమీద నేర్చుకున్న పని నాకు పరాయి దేశంలో మొదటి చుట్టాన్ని తెచ్చిపెట్టింది.

అపోహ: గల్ఫ్ పోయినోళ్లు ఎన్నేండ్లున్నా సెటిల్ కాలేరు

వాస్తవం: అక్కడే స్థిరపడటం గురించైతే ఈ మాట చాలావరకు నిజం. సాధారణ కార్మికుడికి గల్ఫ్ దేశాలు పౌరసత్వమివ్వవు. నివాస అనుమతి ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. కానీ మా పెద్దనాయిన కొడుకు పద్దెనిమిదేండ్లు సౌదీలో ఉండి చెల్లెండ్లకు పెండ్లిండ్లు చేశాడు, ఊళ్లో రెండు గదుల ఇల్లు లేపాడు. అతనికి సెటిల్ కావడమంటే తిరిగొచ్చి ఆ ఇంటి అరుగుమీద కూర్చోవడం. అమెరికా కొలతతో కొలిచి అతన్ని ఓడిపోయినవాడిగా చూడటం అన్యాయం.

అపోహ: డాలర్లు సంపాదించి ఎప్పుడైనా ఊళ్లో పొలం కొనుక్కోవచ్చు

వాస్తవం: జనగామ జిల్లా అయ్యాక ఈ మాట మరీ ఎక్కువగా వింటున్నా. విదేశాల్లో స్థిరపడినవాళ్లు, భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లయినా, విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు పొందినవాళ్లయినా, విదేశీ మారక చట్టం నియమాల ప్రకారం వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్‌లు కొనకూడదు. ఇండ్లు, ఫ్లాట్లు కొనొచ్చు. తాతతండ్రుల పొలం వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమ్మాలంటే మన దేశంలో నివసించేవాళ్లకే అమ్మాలి. ఇవేవీ తెలియక దళారుల మాట నమ్మి బయానా ఇచ్చి ఇరుక్కున్నవాళ్లున్నారు.

అపోహ: వీడియో కాల్ ఉన్నంక దూరమెక్కడిది

వాస్తవం: 2020 మార్చి 23 నుంచి మన దేశానికి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. ఏప్రిల్‌లో మా నాయిన పోయాడు. జనగామలో పొద్దున పది గంటలు, మాకు రాత్రి పదకొండున్నర. తమ్ముడు ఒక చేత్తో ఫోన్ ఎత్తిపట్టుకున్నాడు. చెయ్యి నొప్పి పుట్టినప్పుడల్లా బొమ్మ కిందికి వంగి, నాయిన కాళ్లు, ఎర్రమట్టి కనిపించేవి. ఆ ఎర్రమట్టి చూసినప్పుడే నాకు ఏడుపు ఆగలేదు. ఈ లోటు ఎన్నేండ్లయినా పూడదు. కుదురుకున్నవాళ్లకు కూడా ఇది ఉంటుంది. ఉన్నంతమాత్రాన కుదురుకోలేదని అర్థం కాదు.

అపోహ: ఒకసారి సెటిలైతే ఇక కదిలే పనిలేదు

వాస్తవం: ఒకప్పుడు బర్మాలోని రంగూన్ రేవు పని చాలావరకు తెలుగు కూలీల భుజాల మీద నడిచింది. 1930 మేలో వాళ్ల సమ్మె దగ్గర మొదలైన గొడవ ఊచకోతగా మారింది. 1942లో జపాన్ సేనలు వచ్చాక వేలమంది కొండలు, అడవుల గుండా కాలినడకన తరలివచ్చారు. 1962 సైనిక పాలన తర్వాత మిగిలినవాళ్లలోనూ చాలామంది అన్నీ వదిలి వచ్చేశారు. విశాఖలో వాళ్లు వచ్చి ఉన్నచోటుకు బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది.

అపోహ: సెటిలైన రోజు మనకే తెలిసిపోతుంది

వాస్తవం: నాకు తెలియలేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచు తుపాను ముంచెత్తింది. డాలస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది. మాకు కరెంటు పోయింది. మా ఇంట్లో అన్నీ కరెంటు పొయ్యిలే. పన్నెండేండ్లలో ఎవరి తలుపూ కొట్టని నేను, పిల్లలకు దుప్పట్లు కప్పి తీసుకెళ్లి మెక్సికన్ అవ్వ తలుపు కొట్టాను. ఆమెది గ్యాసు పొయ్యి. రెండు రాత్రులు వాళ్ల వంటింట్లో పడుకున్నాం. నేను చేసిన పప్పుచారు ఆమె గ్లాసులో పోసుకుని తాగింది.

ఆ చలికి గ్యారేజీలో పెట్టిన నా కరివేపాకు మొక్క మోడైపోయింది. ఏప్రిల్‌లో కింది కొమ్మన చిగురేసింది. ఇప్పుడు నా భుజమంత ఉంది. పోయిన ఆగస్టులో రఘునాథపల్లి నుంచి చదువుకోవడానికి కొత్తగా వచ్చిన పిల్లగాడు, ఎవరో నంబరిస్తే ఫోన్ చేశాడు.

“అక్కా, ఇక్కడ కరివేపాకు ఏడ దొరుకుతది?”

“కొనుడెందుకు తమ్మీ, మా ఇంట్ల చెట్టున్నది. వచ్చి తెంపుకపో,” అన్నాను. “బస్సు దిగినంక పెట్రోల్ బంకు దాటు. ఎడమదిక్కు రెండో గల్లీ. ముంగట ఎర్ర మెయిల్‌బాక్స్ ఉంటది. కుక్క మొరుగుతది గని ఏమనదు.”

“మా ఊళ్ల దారి చెప్పినట్టే చెప్తున్నవక్కా,” అని నవ్వాడు పిల్లగాడు.

ఫోన్ పెట్టేసి, కుండీని తలుపు దగ్గరికి జరిపాను, వాడికి లేత రెమ్మలు అందేట్టుగా.