వినికిడి యంత్రాలు - బ్లూటూత్ అనుసంధానం

'''వినికిడి యంత్రం''' అనగా వినికిడి తగ్గినవారి చెవికి, వారి అవసరానికి తగినట్లుగా శబ్దాన్ని పెంచి అందించే చిన్న ఎలక్ట్రానిక్ సాధనం. వాడుకలో దీనిని చెవి మిషను అని కూడా అంటారు. ఇందులో మైక్రోఫోను, శబ్దాన్ని విశ్లేషించి పెంచే చిప్పు, చెవిలోనికి శబ్దాన్ని పంపే చిన్న స్పీకరు, బ్యాటరీ ముఖ్య భాగాలు. బ్లూటూత్ అనే తక్కువ దూరపు రేడియో పద్ధతి ద్వారా ఈ యంత్రాన్ని స్మార్ట్‌ఫోనుతో కలపడం వలన ఫోను మాటలు, పాటలు, వీడియోల శబ్దం గాలిలో ప్రయాణించకుండా నేరుగా చెవికి చేరుతాయి. ఫోనులోని యాప్ ద్వారా యంత్రం శబ్దాన్ని తగ్గించుకొనుట, పెంచుకొనుట కూడా సాధ్యమవుతుంది.

అయితే బ్లూటూత్ ఉన్న ప్రతి యంత్రము ప్రతి ఫోనుతోనూ కలవదు. యంత్రము, ఫోను ఒకే పద్ధతిని పాటించినప్పుడే శబ్దం ప్రసారమవుతుంది. ఈ విషయం తెలియక యంత్రం కొన్న తరువాత నిరాశ చెందేవారు ఉన్నారు.

== చరిత్ర ==

ఫోను మాటను నేరుగా వినికిడి యంత్రానికి అందించే ప్రయత్నం బ్లూటూత్ కంటే చాలా పాతది. యంత్రంలో అమర్చిన చిన్న తీగచుట్ట, ఫోను రిసీవరు నుండి వెలువడే అయస్కాంత క్షేత్రాన్ని గ్రహించి దానిని శబ్దంగా మార్చేది. దీనిని టెలికాయిల్ అంటారు. యంత్రాలపై కనిపించే "టి" అనే గుర్తు దీనికి సంబంధించినదే. నేటికీ అనేక యంత్రాలలో ఇది ఉన్నది.

1996లో డెన్మార్కుకు చెందిన వైడెక్స్, ఓటికాన్ సంస్థలు పూర్తి డిజిటల్ యంత్రాలను విడుదల చేశాయి. బ్లూటూత్ ప్రమాణాల కొరకు 1998లో కొన్ని సంస్థల కూటమి ఏర్పడి, 1999లో తొలి ప్రమాణాన్ని ప్రకటించింది. కాని ఆనాటి బ్లూటూత్ వినికిడి యంత్రపు చిన్న బ్యాటరీకి మోయరాని భారం. అందువలన మెడలో వేసుకొనే ఒక మధ్యవర్తి సాధనం వాడుకలోకి వచ్చింది. ఫోను నుండి బ్లూటూత్ ద్వారా శబ్దాన్ని అది అందుకొని, వేరొక పద్ధతిలో యంత్రానికి పంపేది.

2010లో తక్కువ విద్యుత్తుతో పనిచేసే బ్లూటూత్ 4.0 వచ్చింది. దాని ఆధారంగా ఆపిల్ సంస్థ తన స్వంత పద్ధతిని రూపొందించి 2013లో ఐఓఎస్ 7తో అందించింది. 2014లో రీసౌండ్ సంస్థవారి లింక్స్ యంత్రం ఈ విధంగా ఐఫోనుతో నేరుగా కలిసింది. ఆండ్రాయిడ్ ఫోనుల కొరకు గూగుల్ సంస్థ 2018లో ఆషా అనే పద్ధతిని ప్రకటించగా, 2019లో ఆండ్రాయిడ్ 10తో అది ఫోనులలోకి వచ్చింది.

== అనుసంధాన పద్ధతులు ==

నేడు ముఖ్యంగా నాలుగు పద్ధతులు వాడుకలో ఉన్నాయి.

* '''ఐఫోను పద్ధతి:''' ఆపిల్ సాధనాలకు మాత్రమే వర్తిస్తుంది.
* '''ఆషా:''' ఆండ్రాయిడ్ కొరకు ఏర్పడినది. ఆండ్రాయిడ్ 10 లేక ఆపై వెర్షను ఉన్నంత మాత్రాన సరిపోదు. ఫోను తయారీదారు కూడా ఆ మోడలులో ఈ సదుపాయాన్ని కల్పించి ఉండాలి. ఇందులో అవతలివారి మాట యంత్రానికి వస్తుంది కాని, మన మాటను ఫోను మైకు గ్రహిస్తుంది. కనుక మాట్లాడేటప్పుడు ఫోను దగ్గరలో ఉండాలి.
* '''సాధారణ బ్లూటూత్:''' ఇయర్‌ఫోనుల వలె దాదాపు అన్ని ఫోనులతోనూ కలుస్తుంది. 2017లో ఫోనాక్ సంస్థ ఈ విధమైన యంత్రాన్ని విడుదల చేసింది. బ్యాటరీ వ్యయం ఎక్కువ.
* '''ఎల్.ఈ. ఆడియో:''' 2020లో ప్రకటించబడి 2022లో ప్రమాణాలు పూర్తయిన కొత్త పద్ధతి. అన్ని సంస్థల ఫోనులకు, యంత్రాలకు ఉమ్మడి ప్రమాణం కావడం దీని ప్రత్యేకత. ఆరాకాస్ట్ అనే దీని విభాగం ద్వారా ఒకే ప్రసారాన్ని సభలోని అనేకులు ఒకేసారి తమ యంత్రాలలో వినవచ్చును.

== పనిచేయు విధానం ==

ఫోనుకు, యంత్రానికి మధ్య రెండు వేర్వేరు లంకెలు ఉంటాయని గుర్తించుట అవసరం. మొదటిది '''ఆజ్ఞల లంకె'''. యాప్ నుండి శబ్దం పెంచమని, కార్యక్రమం మార్చమని వచ్చే చిన్న ఆదేశాలు దీని ద్వారా వెళ్తాయి. రెండవది '''శబ్దపు లంకె'''. ఫోను మాటలు, పాటలు దీని ద్వారా వస్తాయి. మొదటి లంకె చాలా ఫోనులలో పనిచేస్తుంది. రెండవ దానికి పైన చెప్పిన పద్ధతులలో ఒకటి ఇరువైపులా సరిపోవాలి. యాప్‌లో "కనెక్ట్ అయినది" అని కనిపిస్తూనే ఫోను మాట చెవికి రాకపోవడానికి సాధారణ కారణం ఇదే. దానిని యంత్రపు లోపంగా భావించరాదు.

బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలపై పనిచేస్తుంది. మానవ శరీరం ఈ తరంగాలను కొంత పీల్చుకొంటుంది. ఫోను వెనుక జేబులో ఉన్నప్పుడు శబ్దం తెగితెగి వచ్చి, చొక్కా జేబులోకి మార్చగానే బాగుపడటం అందువలననే. ఫోను నుండి యంత్రానికి శబ్దం చేరుటకు ఇంటర్నెట్ అవసరం లేదు.

== జతపరచుట ==

ఐఫోను, ఆషా పద్ధతుల యంత్రాలను ఫోను సెట్టింగులలోని యాక్సెసిబిలిటీ విభాగంలో, వినికిడి సాధనాల జాబితా నుండి జతపరచాలి. మామూలు బ్లూటూత్ జాబితాలో వెదకుట వలన చాలామంది ఇబ్బంది పడుతుంటారు. క్రమం ఇది:

# పాత ఫోను గాని, ఇంటిలోని మరొకరి ఫోను గాని యంత్రంతో కలిసి ఉంటే దాని బ్లూటూత్ ఆపివేయాలి.
# యంత్రాలను ఆపి మరల వెలిగించాలి. ఇవి వెలిగిన తరువాత కొద్ది నిమిషాల వరకే కొత్త ఫోనును స్వీకరిస్తాయి.
# కుడి, ఎడమ యంత్రాలు రెండూ జాబితాలో కనిపించిన తరువాత అంగీకారం తెలుపాలి.
# ఆ తరువాతనే తయారీదారు యాప్‌ను తెరవాలి.

== కారులో వినియోగం ==

కారులోని బ్లూటూత్ కూడా ఫోనుతోనే కలుస్తుంది. అనగా ఫోను నడుమ ఉండి, ఒకవైపు కారుకు, మరొకవైపు వినికిడి యంత్రానికి శబ్దం పంపగల స్థితిలో ఉంటుంది. కాని ఒక కాల్ సాధారణంగా ఏదో ఒక వైపునకే వెళ్తుంది. కారు వెలిగించగానే అది ఫోనుతో తనంతట తాను కలిసి కాల్‌ను స్పీకర్లలోకి తీసుకొనవచ్చు. గాలి, టైర్ల చప్పుడు నడుమ ఆ మాట వినికిడి తగ్గినవారికి అర్థం కాదు. పైగా వారి సొంత సంభాషణ కారులోని అందరికీ వినిపిస్తుంది.

నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాలను కలిపే 40వ నెంబరు జాతీయ రహదారిపై ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చును. కారు నడిపేది కుమారుడు, యంత్రం ధరించినది ప్రక్కన కూర్చున్న తండ్రి అయినచో, కారుకు కుమారుని ఫోను మాత్రమే జతపరచాలి. తండ్రి ఫోనును కారు జాబితా నుండి తొలగించుటయే సులభమైన పరిష్కారం. అప్పుడు ఆయన కాల్ ఆయన చెవికే వస్తుంది.

యంత్రం ధరించినవారే కారు నడుపుతున్నచో ఈ మార్పులు చేసుకొనవచ్చు:

* ఐఫోనులో వినికిడి సాధనాల విభాగంలోని ఆడియో రూటింగులో కాల్‌లు, మీడియా వేర్వేరుగా ఎటు వెళ్లాలో నిర్ణయించవచ్చు.
* ఆండ్రాయిడ్‌లో కారు పేరు వద్ద కాల్‌లు, మీడియా అనే మీటలు వేర్వేరుగా ఉంటాయి. కాల్‌ల మీట ఆపినచో కాల్ కారులోకి పోదు. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 నుండి యంత్రానికి ఏయే శబ్దాలు వెళ్లాలో ఎంచుకొనే వీలు కూడా ఉన్నది.
* దారి చూపే యాప్ గొంతును కారు స్పీకరుకు వదిలివేయుట మేలు. అది చెవికి వచ్చిన ప్రతిసారి కొన్ని యంత్రాలు బయటి శబ్దాన్ని తగ్గిస్తాయి.

ఈ చివరి విషయం భద్రతకు సంబంధించినది. శబ్దం ప్రసారమయ్యే సమయంలో బయటి మైకు తగ్గినచో వెనుక వచ్చే లారీ హారను వినబడక పోవచ్చు. యాప్‌లో బయటి శబ్దపు పాలును తగినంత ఉంచుకొనాలి. ఈ అమరికలన్నీ బండి కదలక ముందే పూర్తిచేయాలి. 2019లో సవరించబడిన మోటారు వాహనాల చట్టం ప్రకారం నడుపుతూ ఫోనును చేతిలో పట్టుకొని వాడుట ప్రమాదకరమైన డ్రైవింగు క్రింద శిక్షార్హం.

== నంద్యాల ప్రాంతంలో ప్రాముఖ్యత ==

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి ఏర్పడింది. ఈ జిల్లాలోని ఆళ్లగడ్డ రాతి శిల్పకళకు ప్రసిద్ధి. ఉలి, సుత్తితో పాటు రాయి కోసే యంత్రాలు, గ్రైండర్లు వాడే ఏ శిల్పశాలలోనైనా శబ్దం ఎక్కువగా ఉంటుంది. 85 డెసిబెల్‌ల శబ్దంలో రోజుకు 8 గంటల చొప్పున ఏళ్ల తరబడి పనిచేయుట చెవికి హాని చేస్తుంది. ఆ విధంగా చెవిలోని సూక్ష్మ కణాలు నశించినచో తిరిగి పుట్టవు. చెవి రక్షణ సాధనాలు వాడుట ఒక ముఖ్యమైన నివారణ మార్గం. బియ్యపు మిల్లులు, పత్తి మిల్లులలో పనిచేసేవారికీ ఇది వర్తిస్తుంది.

పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాలలో ఉండగా ఊరిలో నివసించే పెద్దలకు ఫోనే బంధుత్వానికి ఆధారం. మాట వినబడనప్పుడు వారు ఫోను ఎత్తడమే మానుకొంటారు. నలుగురిలో ఉన్నా ఒంటరివారవుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం ప్రపంచంలో 43 కోట్ల మందికి పైగా వినికిడి లోపానికి చికిత్స లేక సహాయం అవసరం.

యాప్‌ల వలన మరొక ప్రయోజనం కలదు. కొన్ని యంత్రాలను దూరప్రాంతంలోని ఆడియాలజిస్టు ఇంటర్నెట్ ద్వారా సరిచేయగలరు. చిన్న మార్పు కొరకు పెద్దలు నగరానికి ప్రయాణించే శ్రమ తగ్గుతుంది. అయితే తొలి పరీక్ష, చెవికి అమర్చుట నేరుగా జరగడమే మంచిది.

== కొనుగోలుకు ముందు ==

* చెవి వైద్యునికి చూపించి, ఆడియోగ్రాం తీయించుకొనాలి. గుబిలి వంటి కారణాలైతే యంత్రమే అవసరం ఉండదు.
* వాడే ఫోనును వెంట తీసుకొనిపోయి, దుకాణంలోనే ఒక కాల్ చేసి వినాలి. యాప్ తెరుచుకొనుట ఒక్కటే పరీక్ష కాదు.
* ఫోను మార్చవలసి వస్తే ముందుగా యంత్రం తయారీదారు ఇచ్చే ఫోనుల జాబితాను చూడాలి.
* ధరలో ఎక్కువ భాగం బ్లూటూత్‌కు కాక, మాట స్పష్టతకు దక్కుతున్నదా అని విచారించాలి.

కేంద్ర ప్రభుత్వపు అడిప్ పథకం క్రింద ఇచ్చే ప్రాథమిక యంత్రాలు ముఖ్యంగా ఎదుటివారి మాట వినిపించుటకు ఉద్దేశించినవి. వాటిలో బ్లూటూత్ ఉంటుందని భావించరాదు. అటువంటివారు టెలికాయిల్ ఉన్నచో మెడలో వేసుకొనే లూపును, లేనిచో ఫోను స్పీకరును వాడవచ్చు. ఎదుటివారి మాటను తెరపై అక్షరాలుగా చూపే గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ తెలుగులో కూడా పనిచేస్తుంది.

== జాగ్రత్తలు ==

నంద్యాల రాష్ట్రంలో ఎండలు తీవ్రంగా ఉండే ప్రాంతాలలో ఒకటి. ఎండలో నిలిపిన కారులో యంత్రాన్ని గాని, ఛార్జింగ్ పెట్టెను గాని వదిలినచో లిథియం బ్యాటరీ దెబ్బతింటుంది. చెమట, ధూళి నుండి కాపాడుటకు రాత్రివేళ తేమను పీల్చే పెట్టెలో ఉంచాలి. ఫోను శబ్దాన్ని ఎక్కువసేపు విన్న రోజున బ్యాటరీ త్వరగా తరుగుతుంది కనుక ప్రయాణాలలో అదనపు బ్యాటరీలు ఉంచుకొనుట మంచిది.

== ఇవి కూడా చూడండి ==

* చెవి
* చెవుడు
* బ్లూటూత్
* నంద్యాల జిల్లా
* ఆళ్లగడ్డ