తనకు తానే కీ ఇచ్చుకునే గడియారం

గంటకు 60 మైళ్ళ వేగంతో పోతున్న కారులో మీరు కూర్చున్నారనుకోండి. అన్నిటికన్నా పెద్దగా వినిపించే చప్పుడు ఏది? ఇంజను మోత అంటారు. లేకపోతే గాలి హోరు అంటారు. 1958లో అమెరికాలో రోల్స్ రాయిస్ కారు కోసం డేవిడ్ ఓగిల్వీ ఒక ప్రకటన రాశాడు. ఆ వేగం మీద ఈ కారులో పెద్ద చప్పుడు చేసేది ఎలక్ట్రిక్ గడియారమేనని అందులో చెప్పాడు. కారు ఎంత నిశ్శబ్దంగా నడుస్తుందో తెలియజెప్పడానికి ఆయన వేసిన ఎత్తు అది. ప్రకటనలు రాసేవాళ్ళు దాన్ని ఇప్పటికీ తలుచుకుంటూ వుంటారు.

ఆ కారు సంగతి ఎలా వున్నా, ఆ కాలంలో అమెరికాలోనూ జర్మనీలోనూ తయారైన ఎన్నో కార్లలో గడియారం నిజంగానే చప్పుడు చేసేది. రెండు నిమిషాలకో, ఇంకా ముందే ఒకసారో డాష్‌బోర్డు లోపలినుంచి 'టక్' మని వినిపించేది. ఆ చప్పుడు ఆగిపోయిందంటే గడియారం ఆగిపోయిందన్నమాట. ఇవాళ పాత కార్లను ముచ్చటగా దాచుకున్నవాళ్ళ దగ్గరకు వెళ్ళి చూడండి. ఇంజను గుర్రంలా పరుగెత్తుతుంది, దీపాలు వెలుగుతాయి, హారను మోగుతుంది. గడియారం మాత్రం ఎప్పటిదో ఒక వేళను చూపిస్తూ నిలబడి వుంటుంది. ఎందుకని?

అది తెలియాలంటే ముందు ఆ 'టక్' ఏమిటో తెలియాలి.

మొదట్లో కార్లలో పెట్టినవి కీ ఇచ్చే గడియారాలే. ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచేవి. కీ ఇవ్వడం మరిచిపోతే ఆగిపోయేవి. కారులో బ్యాటరీ వుంది కదా, దానితో ఒక చిన్న మోటారు తిప్పి ముళ్ళను నడిపించవచ్చు కదా అని మీకు తోచవచ్చు. కాని బ్యాటరీ వోల్టేజీ నిలకడగా వుండదు. 12 వోల్టుల బ్యాటరీ అంటాం గాని, ఇంజను నడుస్తూ చార్జి అవుతున్నప్పుడు అది 14 దాకా పోతుంది. ఇంజను స్టార్టు చేసే క్షణంలో 10కి పడిపోవచ్చు. మామూలు మోటారు వేగం వోల్టేజీని బట్టి మారుతుంది. అలాంటి గడియారం కారు నడిచేటప్పుడు ఒక లెక్కన, ఆగినప్పుడు ఇంకో లెక్కన తిరుగుతుంది.

అందుకని గడియారాలు చేసేవాళ్ళు పనిని రెండుగా విడదీశారు. కాలాన్ని కొలిచే పని పాతకాలపు స్ప్రింగుకూ, అటూ ఇటూ ఊగే బాలెన్సు చక్రానికే వదిలేశారు. బ్యాటరీకి ఇచ్చినది ఒక్కటే పని: ఆ స్ప్రింగుకు కీ ఇవ్వడం. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. కీ ఇచ్చే చెయ్యి కాస్త గట్టిగా తిప్పినా, మెల్లిగా తిప్పినా గడియారానికి పెద్ద తేడా రాదు కదా!

లోపల జరిగేది ఇది. స్ప్రింగు చాలా చిన్నది. ఒకటి రెండు నిమిషాలకు సరిపడే బలమే దానిలో వుంటుంది. అది విడుతున్నకొద్దీ దానికి కలిపిన ఒక ఇనప మీట మెల్లగా జరుగుతుంది. మీట కొసన ఒక చిన్న లోహపు బిళ్ళ వుంటుంది. ఎదురుగా ఇంకో బిళ్ళ వుంటుంది. మెకానిక్కులు ఈ రెంటినీ పాయింట్లు అంటారు. స్ప్రింగు బలం అయిపోవచ్చేసరికి పాయింట్లు ఒకదానికొకటి తగులుతాయి. వెంటనే బ్యాటరీనుంచి విద్యుత్తు ఒక తీగచుట్టలోకి పరుగెత్తుతుంది. తీగచుట్ట అయస్కాంతమై మీటను ఒక్క తన్ను తన్నుతుంది. ఆ తన్నుకు మీట వెనక్కి పోతుంది, స్ప్రింగు మళ్ళీ బిగుసుకుంటుంది, పాయింట్లు విడిపోతాయి, విద్యుత్తు ఆగిపోతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. మనకు వినిపించే 'టక్' ఇదే. మీ సైన్సు పుస్తకంలో ఎలక్ట్రిక్ బెల్లు బొమ్మ వుంటుంది చూడండి. తానే కలిపి, తానే విడదీసుకునే ఉపాయం రెంటిలోనూ ఒక్కటే. (మన బళ్ళలో చాలాచోట్ల గంట అంటే వేలాడగట్టిన రైలు పట్టా ముక్కే, అది వేరే సంగతి.)

రెండు నిమిషాలకొకసారి అంటే రోజుకు 720 సార్లు. సంవత్సరానికి 2,62,800 సార్లు. పాయింట్లు విడిపోయే ప్రతిసారీ ఒక చిన్న నిప్పురవ్వ పుడుతుంది. పరుగెత్తే బండిని ఉన్నట్టుండి ఆపలేం కదా. తీగచుట్టలో ప్రవహించే విద్యుత్తు కూడా అంతే. దారి తెగిపోగానే అది ఎక్కువ వోల్టేజీ పుట్టించి, పాయింట్ల మధ్యనున్న గాలిని చీల్చుకుని పోవాలని చూస్తుంది. పెట్రోలు కారు ఇంజనులో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టించేదీ ఈ సూత్రమే. అక్కడ అది మనకు కావాలి. ఇక్కడ అది పాయింట్లను కొంచెం కొంచెంగా కాల్చేస్తుంది. ఏళ్ళు గడిచేసరికి వాటి మీద నల్లని మసి పేరుకుంటుంది, గుంటలు పడతాయి. చివరకు పాయింట్లు తగిలినా విద్యుత్తు పారదు.

ఇది నెమ్మదిగా వచ్చే జబ్బు. ఒక్క రాత్రిలో గడియారాన్ని ఆపేసే జబ్బు ఇంకొకటి వుంది. నాకు ఇదే ఎక్కువ ఆసక్తిగా వుంటుంది.

కారు తాళం తీసేసినా గడియారం నడవాలి. అందుకని దాన్ని నేరుగా బ్యాటరీకే కలుపుతారు. ఇప్పుడు ఆ కారును నెలల తరబడి షెడ్డులో వదిలేశారనుకోండి. బ్యాటరీ రోజురోజుకూ నీరసిస్తుంది. గడియారం మాత్రం దానినుంచి తన వాటా తీసుకుంటూనే వుంటుంది. ఒకనాడు పాయింట్లు తగులుతాయి, విద్యుత్తు పారుతుంది. కాని తీగచుట్టకు మీటను తన్నే బలం చాలదు. మీట కదలదు. కదలకపోతే పాయింట్లు విడిపోవు. విడిపోకపోతే విద్యుత్తు ఆగదు!

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. సులువు కోసం తీగచుట్ట నిరోధం 3 ఓములు అనుకుందాం. 12 వోల్టులకు 4 ఆంపియర్లు పారుతాయి. బ్యాటరీ 9 వోల్టులకు పడిపోతే 3 ఆంపియర్లే. అయస్కాంతపు లాగుడు ఇంచుమించు విద్యుత్తు వర్గాన్ని బట్టి వుంటుంది. అంటే 16 వంతులుండవలసిన బలం 9 వంతులకు, సగానికి కాస్త పైకి, దిగిపోయింది. మరి వేడి? 9 వోల్టులను 3 ఆంపియర్లతో హెచ్చిస్తే 27 వాట్లు. రేడియోలు బాగుచేసేవాళ్ళు చిన్న పనులకు వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే! రెప్పపాటు కోసం తయారైన బొటనవేలంత తీగచుట్ట ఇప్పుడు నిమిషాల తరబడి సోల్డరింగ్ ఐరన్‌లా కాలుతూ వుంటుందన్నమాట.

ఈ ప్రమాదం గడియారం చేసినవాళ్ళకు తెలుసు. అందుకే చాలా గడియారాల్లో తీగను ఒకచోట తక్కువ వేడికే కరిగే టంకంతో అతికించారు. వేడి పెరగగానే టంకం కరిగి, తీగ వూడి, విద్యుత్తు ఆగిపోతుంది. తర్వాత బ్యాటరీని చార్జి చేసినా గడియారం నడవదు. యజమాని గడియారం చచ్చిపోయిందనుకుంటాడు. నిజానికి అది చావు తప్పించుకుంది.

మరి బాగుచేయడం ఎలా? మొదట బ్యాటరీ తీగ విప్పాలి. ఆ తర్వాతే డాష్‌బోర్డులో చెయ్యి పెట్టాలి. మీ ఇంట్లోనో తెలిసినవాళ్ళ ఇంట్లోనో అలాంటి కారు వుంటే, ఈ పని తెలిసిన పెద్దవారి పక్కన కూర్చుని చూడండి. గడియారం వెనక మూత తీయగానే వాళ్ళు చూసేవి టంకం అతుకు, పాయింట్లు. పాయింట్లను చాలా సన్నని ఆకురాయితో రెండు మూడుసార్లు రాసి, స్పిరిటు అద్దిన గుడ్డతో తుడుస్తారు. ఎక్కువ రాస్తే ఆ పలచని బిళ్ళ అరిగిపోతుంది. ఎండిపోయి బంకలా మారిన పాత నూనెను కడిగి, ఇరుసు కొసలకు సూది మొనతో గడియారాల నూనె ఒక్కొక్క బొట్టు పెడతారు. పాయింట్లకు మాత్రం నూనె తగలకూడదు. తగిలితే నిప్పురవ్వకు మాడి మసి అవుతుంది.

టంకం దగ్గర అందరూ తప్పు చేస్తారు. మామూలు తగరం, సీసం కలిసిన టంకం 183 సెంటీగ్రేడు డిగ్రీల దగ్గరగాని కరగదు. బిస్మతు కలిపిన వాటిలో కొన్ని మరిగే నీళ్ళ వేడికన్నా తక్కువలోనే కరుగుతాయి. ఏది చేతికందితే అది వేయడమో, తీగను మెలిపెట్టి వదిలేయడమో చేస్తే గడియారం నడుస్తుంది, సందేహం లేదు. కాని మళ్ళీ బ్యాటరీ నీరసించిన రోజున వూడిపోవడానికి అతుకు వుండదు. అప్పుడు కాలేది తీగచుట్ట. దాని పక్కనే డాష్‌బోర్డు వెనక తీగలన్నీ వుంటాయి. ఫ్యూజు పోయినచోట మేకు పెట్టేవాడి తెలివి ఇదే!

ఇంకొక మాట. 1920, 30ల నాటి కొన్ని గడియారాల ముళ్ళకు చీకట్లో మెరిసే రేడియం రంగు వుండేది. మన లారీల వెనక అంటించేదాన్ని కూడా 'రేడియం స్టిక్కరు' అంటాం గాని అందులో రేడియం వుండదు. ఆ పాత రంగులో నిజంగానే వుండేది. ఇవాళ అది మెరవకపోవచ్చు. మెరిసే జింకు సల్ఫైడు పాడైపోయింది, అంతే. రేడియం సగమవడానికే 1600 సంవత్సరాలు పడుతుంది. అలాంటి ముళ్ళను గీకకూడదు, ఊదకూడదు.

ఈ తంటా అంతా ఎందుకని కొందరు లోపలి యంత్రాన్ని తీసేసి, క్వార్ట్జు యంత్రం పెట్టిస్తారు. అందులో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. వేళ కచ్చితంగా చూపిస్తుంది, తప్పులేదు. కాని ఆ 'టక్' వుండదు. నాకైతే పాతదే బాగుచేయించాలనిపిస్తుంది.

బాగుచేసిన గడియారాన్ని పరీక్షించేటప్పుడు నిండుగా చార్జి అయిన బ్యాటరీకే కలపాలి. వోల్టేజీని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే అది మళ్ళీ నీరసించిన బ్యాటరీ కథే అవుతుంది. కలపగానే ఒక 'టక్' వినిపిస్తుంది. రెండు నిమిషాలు ఓపిక పట్టండి, ఇంకొకటి వినిపించాలి. కారును చాలాకాలం వదిలి వెళ్ళేటప్పుడు బ్యాటరీ తీగ విప్పి వుంచితే చాలు. గడియారం పాయింట్లు కలిసిన స్థితిలో చల్లగా ఆగి వుంటుంది. తిరిగి వచ్చి, బ్యాటరీని నింపి, తీగ బిగించిన క్షణాన తానే కీ ఇచ్చుకుని మొదలుపెడుతుంది.