ఎర్రమంజిల్ పరిసర స్థలనామములు: తుర్కీ ప్రభావ విచారము

హైదరాబాదు నగరమున ఖైరతాబాదునుండి పంజాగుట్టకు పోవు త్రోవలో ఒక మెట్టపై ఎర్రమంజిల్ అను పాత సౌధము కలదు. ఆ పేరే క్రమముగా పరిసర ప్రాంతమునకును, 2018లో తెరువబడిన మెట్రో రైలు స్టేషనుకును సంక్రమించినది. ఇట్టి నామములను మన జనులు స్థూలముగా 'తురక పేర్లు' అని వ్యవహరింతురు. పరిశోధక విద్యార్థులును ఒక్కొక్కప్పుడు తుర్కీ, పారసీ, అరబ్బీ పదములను ఒకే పట్టికలో చేర్చుచుందురు. కాని ఇవి మూడును వేర్వేరు కుటుంబములకు చెందిన భాషలు. పారసీ సంస్కృతమునకు దగ్గరి చుట్టము. అరబ్బీ సెమెటిక్ కుటుంబములోనిది. తుర్కీ ఈ రెండు కుటుంబములకును చెందనిది. కావున ఈ నామములలో తుర్కీ పాలు ఎంత, అది ఏ మార్గమున వచ్చినది అను ప్రశ్నను ప్రత్యేకముగా విచారింపవలసి యున్నది.

ముందుగా ఎర్రమంజిల్ పదమునే గ్రహింతము. ఈ సౌధమును 19వ శతాబ్ది ఉత్తరార్ధమున నవాబు ఫక్రుల్ముల్కు కట్టించెను. ఆయన పెట్టిన పేరు 'ఇరమ్ మంజిల్'. ఇరమ్ అనునది ఖురానునందు పేర్కొనబడిన, స్తంభములకు ప్రసిద్ధమైన నామము. పారసీ కవులు దానిని స్వర్గతుల్యమైన ఉద్యానమునకు పర్యాయముగా వాడిరి. మంజిల్ అనగా అరబ్బీలో దిగు చోటు, విడిది, ఉర్దూలో భవనము. ఆ మెట్టను స్థానికులు ఎర్రనేలను బట్టి తెలుగున పిలుచుచుండిరనియు, ఆ ధ్వని నెరిగియే నవాబు ఇరమ్ అను పదమును ఎన్నుకొనెననియు ఒక ఐతిహ్యము కలదు.

ఐతిహ్యము నటుంచి ధ్వనులను చూచినను ఈ మార్పు సహజముగనే తోచును. 'ఇరమ్' చివరనున్న మకారము 'మంజిల్' మొదటి మకారములో కలిసిపోగా మిగిలినది 'ఇర'. తెలుగువాని చెవికి అది అర్థశూన్యము, 'ఎర్ర' సార్థకము. ఎర్రగడ్డ, ఎర్రగుంట్ల వంటి పేర్లకు అలవడిన నాలుక 'ఇర'ను 'ఎర్ర'గా పలికినది. పరాయి పదమును తనకు తెలిసిన పదముగా విని నిలుపుకొనుటయే లోకనిరుక్తి. ఇందు అరబ్బీ కలదు, పారసీ సంస్కారము కలదు, తెలుగు కలదు. తుర్కీ పదము ఒక్కటియు లేదు.

పొరుగు నామములను చూతము. అమీరుపేటలో అమీరు అరబ్బీ, పేట తెలుగు. పంజాగుట్టలో గుట్ట తెలుగు. పంజా అనునది ఐదు అను అర్థముగల పారసీ 'పంజ్' నుండి పుట్టి, ఐదు వ్రేళ్ల అరచేతిని తెలుపు మాట. ఖైరతాబాదులో పూర్వపదము అరబ్బీ, 'ఆబాద్' పారసీ. ఇంతవరకును తుర్కీ జాడ కానరాదు. కాని అమీరుపేట కానుకొనియున్న బేగంపేటకు పోయినచో స్థితి మారును. తుర్కీలో 'బెగ్' అనగా ప్రభువు. దానికి 'నా' అను అర్థమునిచ్చు ప్రత్యయము చేరి 'బేగం' ఏర్పడి, గొప్ప యింటి స్త్రీలకు గౌరవవాచకమైనది. బేగంబజారును ఇట్టిదే. వీరుడను అర్థముగల బహదూరు పదము తుర్కీ, మంగోలు భాషలకు ఉమ్మడి సొత్తు. బహదూరుపుర, బహదూరుపల్లి నామములలో అది కన్పట్టుచున్నది.

ఈ బిరుదములు వచ్చిన త్రోవ చరిత్రయందు స్పష్టము. గోలకొండ కుతుబ్‌షాహీ వంశస్థాపకుడైన సుల్తాన్ కులీ హమదాను ప్రాంతమునుండి వచ్చిన తుర్కమాను. 'నల్లగొఱ్ఱెలవారు' అను అర్థముగల కరాకొయున్లు తెగవాడు. ఆయన పేరిలోని 'కులీ'కి మూలము దాసార్థకమగు తుర్కీ 'కుల్'. 1591లో హైదరాబాదును నిర్మించిన మహమ్మద్ కులీ పేరిలోను అదియే కలదు. పొన్నెగంటి తెలగన తన అచ్చతెనుగు కావ్యమగు యయాతి చరిత్రమును అంకితమిచ్చిన అమీన్ ఖాను పేరిలోని 'ఖాన్' సైతము మధ్యాసియా బిరుదమే. అయినను ఆ ఆస్థానపు సాహిత్యభాష పారసీ. నగరవీథులలో వినబడినవి దక్కనీ, తెలుగు. తుర్కీ మాటలాడు రైతులు గుంపులుగా వచ్చి ఇచ్చట పల్లెలు కట్టుకొనలేదు. అందుచే పై నామములలో తుర్కీ మనకు మనుష్యుల బిరుదములనే యిచ్చినది. గుట్టను, గడ్డను, పేటను, పల్లెను తెలుపు మాటలు మనవే.

ఇక తుర్కపల్లి, తుర్కయాంజాల్ వంటి పేర్లు. వీనియందున్నది తుర్కీ పదము కాక ఆ జాతి పేరు. సంస్కృతమున తురుష్క, తెలుగున తురక, తుర్క అయిన ఈ పదము కాలక్రమమున జాతిని విడిచి ముస్లిములకు సామాన్యవాచకమైనది. కావున దీనిని బట్టి ఆ యూరిలో తుర్కీ భాష మాటలాడిరని ఊహించుట పొరపాటు.

దూరదేశపు దృష్టాంత మొకటి ఈ భేదమును స్పష్టపరచును. రష్యాలో వోల్గా పరీవాహక ప్రాంతమున మొర్ద్విను ప్రజలు మాటలాడు ఎర్జ్యా, మోక్ష భాషలు ఫిన్నో-ఉగ్రిక్ కుటుంబములోనివి. అచ్చట తుర్కీ భాషీయులగు బుల్గారులు, పిమ్మట తాతారులు శతాబ్దములు పొరుగున కాపురముండిరి. తెమ్నికొవ్ పట్టణనామమును పదివేల సేనను తెలుపు 'తుమెన్' పదముతో సంబంధింతురు. అయినను తాతారులు 'ఇదెల్' అను వోల్గాను ఎర్జ్యావారు నేటికిని 'రావ్' అనియే పిలుతురు. సరాన్స్కు నగరము వారికి 'సరన్ ఓష్', ఓష్ అనగా వారి స్వభాషలో పట్టణము. పొరుగు కాపురమున్న చోటనే నదికి స్వనామము నిలువగా, బిరుదముల రూపముననే తుర్కీ వచ్చిన మనచోట గుట్టలు, గడ్డలు నిలుచుటలో వింత లేదు.

కావున స్థలనామములను సేకరించు విద్యార్థులకు మేము విన్నవించునది రెండు మాటలు. పదము పుట్టిన భాషను, అది మనకు చేరిన భాషను వేర్వేరుగ వ్రాయవలెను. 'బేగం' పుట్టుకచే తుర్కీ, రాకచే పారసీ, వాడుకచే దక్కనీ. రెండవది, జనుల ఉచ్చారణమును దిద్దక యథాతథముగ వ్రాసికొనవలెను. 2019లో ప్రభుత్వము ఎర్రమంజిల్ సౌధమును తొలగించి ఆ చోట శాసనసభా భవనమును కట్ట నిశ్చయింపగా, ఆ సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసినది. సౌధమునకు న్యాయస్థానము కలదు. పేరునకు అట్టి రక్షణ లేదు. 'ఎర్ర' తప్పని 'ఇరమ్' అని దిద్దినను, 'మంజిల్' పరాయిదని మార్చినను, రెండు భాషలు ఒకే మెట్టపై కలిసికొన్న సాక్ష్యము నశించును. దానిని ఉన్నదున్నట్లు వ్రాసి నిలుపుట మన శాఖలవారి పని.