చైన్ తీసి గేర్ వేస్తే... క్యామ్ ఎటు తిరుగుతుంది?

మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసిన ఏడాది ఓ ఆటోమొబైల్ కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లాను. ప్యానెల్లో ఓ పెద్దాయన అడిగారు: ‘కారు ఇంజిన్‌లో టైమింగ్ చైన్ తీసేసి, దాని స్థానంలో రెండు గేర్లు పెడితే ఏమవుతుంది?’

‘చైన్ సాగుతుంది, గేర్ సాగదు. కాబట్టి గేరే మేలు సార్’ అని తడుముకోకుండా చెప్పేశాను. ఆయన నవ్వి, ‘బాగుంది. మరి క్యామ్‌షాఫ్ట్ ఎటు తిరుగుతుంది?’ అన్నారు. నోట మాట రాలేదు. ఆ ఉద్యోగమూ రాలేదు.

జవాబు మన సిలబస్‌లోనే ఉంది. థియరీ ఆఫ్ మెషీన్స్‌లో గేర్ ట్రెయిన్స్ పాఠం గుర్తుందా? నేను దాన్ని మార్కుల కోసం చదివానే తప్ప, ఇంజిన్‌తో ముడిపెట్టి ఎప్పుడూ ఆలోచించలేదు. మీకు ఆ ఇబ్బంది రాకూడదనే ఇది రాస్తున్నా.

చైన్ నిజంగా సాగుతుందా?

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి. అందుకే క్యామ్ స్ప్రాకెట్‌కు క్రాంక్ స్ప్రాకెట్ కంటే రెట్టింపు పళ్లుంటాయి. ఇంజిన్ వేగం 6,000 ఆర్‌పీఎం అయితే క్రాంక్ సెకనుకు 100 చుట్లు, క్యామ్ 50 చుట్లు తిరుగుతాయి. ఆ వేగంలోనూ ప్రతి వాల్వూ తన సమయానికే తెరుచుకోవాలి, మూసుకోవాలి.

చైన్ ‘సాగింది’ అంటే ఉక్కు రబ్బరులా సాగిందని కాదు. లింకుల్లోని పిన్నులు, వాటి చుట్టూ ఉండే బుష్‌లు అరుగుతాయి. ఒక్కో లింకులో అరుగుదల వెంట్రుకవాసే. అన్నీ కలిస్తే మాత్రం చైన్ పొడవు పెరుగుతుంది. దాంతో క్యామ్ వెనకబడి, వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి. చైన్ మరీ వదులై పళ్లు దాటిందా, కొన్ని ఇంజిన్లలో వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి. ఇక ఇంజిన్ విప్పాల్సిందే.

మధ్యలో ఐడ్లర్ ఎందుకు?

అమెరికాలో 1955లో వచ్చిన షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 ఇంజిన్ తీసుకుందాం. దీంట్లో క్యామ్ ఇంజిన్ బ్లాక్‌లోనే, క్రాంక్‌కు కాస్త పైన ఉంటుంది. అక్కడి రేసింగ్ ప్రియులు చాలామంది ఇందులోని చైన్ తీసేసి గేర్ డ్రైవ్ కిట్ బిగించుకుంటారు.

చైన్ ఉన్నప్పుడు క్రాంక్, క్యామ్ ఒకే దిశలో తిరుగుతాయి. రెండు గేర్లను నేరుగా కలిపితే ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. నేను చెప్పలేకపోయిన జవాబు ఇదే! క్యామ్ ఎదురు తిరిగితే వాల్వుల వరస తారుమారవుతుంది. ఆ క్యామే తిప్పే డిస్ట్రిబ్యూటర్ కూడా వెనక్కి తిరుగుతుంది. అందుకే కిట్‌లో మధ్యన ఐడ్లర్ గేర్ ఉంటుంది. కొన్ని కిట్లలో రెండు ఐడ్లర్లు పక్కపక్కన ఉంటాయి. ఆ రెండింటిలో ప్రతిదీ ఇటు క్రాంక్ గేర్‌నూ, అటు క్యామ్ గేర్‌నూ తాకుతుంది. దిశ మళ్లీ మామూలే.

‘ఐడ్లర్ పళ్ల సంఖ్య మారిస్తే నిష్పత్తి మారుతుందా?’ అని కూడా అడగొచ్చు. మారదు. క్రాంక్‌కు 20, ఐడ్లర్‌కు 30, క్యామ్‌కు 40 పళ్లున్నాయనుకోండి. 20/30ని 30/40తో గుణిస్తే 30 కొట్టుకుపోయి 1/2 మిగులుతుంది.

అసలు ఐడ్లరే లేకుండా కుదరదా? కుదురుతుంది, క్యామ్‌ను ఎదురు దిశకు తగ్గట్టు తయారుచేస్తే. ఫోర్డ్ 300 ఆరు సిలిండర్ల ఇంజిన్ కంపెనీ నుంచే అలా గేర్లతో వచ్చింది.

మరి అన్ని కార్లకూ ఎందుకు పెట్టరు?

‘గేరే మేలు’ అన్న నా జవాబు ఇక్కడే తేలిపోయింది. లాభంతో పాటు మూల్యం కూడా చెప్పాలి.

• చప్పుడు: గేర్ పళ్ల మధ్య కాస్త ఖాళీ ఉండాలి. దాన్నే బ్యాక్‌లాష్ అంటాం. పళ్లు కలిసేటప్పుడు సన్నటి కూత వస్తుంది. రేసింగ్ వాళ్లలో కొందరికి అదే ముద్దు, రోజూ ఆఫీసుకెళ్లేవాళ్లకు తలనొప్పి.

• కంపనం: క్రాంక్ అదురును చైన్ కొంత మింగేస్తుంది. గేర్లు దాన్ని దాదాపు అలాగే క్యామ్‌కు అందిస్తాయి.

• నాక్ సెన్సర్: గేర్ల శబ్దాన్ని ఇది ఇంజిన్ నాకింగ్ అని పొరబడే ప్రమాదం ఉంది. అప్పుడు కంప్యూటర్ ఇగ్నిషన్‌ను వెనక్కి జరుపుతుంది, పవర్ తగ్గుతుంది.

• దూరం: ఇప్పటి కార్లలో క్యామ్‌లు సిలిండర్ హెడ్ పైన ఉంటున్నాయి. అంత దూరానికి గేర్లు పేర్చుకుంటూ పోతే బరువు, ఖర్చు పెరుగుతాయి.

బైకుల్లోనూ ఇదే కథ. 1986లో వచ్చిన హోండా వీఎఫ్‌ఆర్750ఎఫ్‌లో క్యామ్‌లను గేర్లే తిప్పేవి. 2002 వీఎఫ్‌ఆర్800లో హోండా చైన్‌కు మారింది. మన రోడ్ల మీది పాత బుల్లెట్‌లో గేర్లు, 2020లో వచ్చిన మీటియర్ 350లో చైన్.

ఇలా సిద్ధమవ్వండి

• ఏ భాగం గురించి అడిగినా నాలుగు మాటలు వరసగా చెప్పండి: దాని పని, లోపం, చేసే మార్పు, ఆ మార్పుకు మూల్యం.

• కాగితం అడిగి బొమ్మ గీయండి. బాణం గుర్తులు పెడితే దిశ మీకే కనిపిస్తుంది.

• దగ్గర్లోని మెకానిక్ షెడ్డుకు వెళ్లి, తీసేసిన పాత చైన్ ఒకటి అడగండి. పక్కకు తిప్పి అడ్డంగా పట్టుకుంటే కిందికి వాలుతుంది. కొత్తది అంతగా వాలదు. అరుగుదల అంటే ఏమిటో చేతికే తెలుస్తుంది.

తర్వాతి ఇంటర్వ్యూలో నన్ను ‘బెల్టు మంచిదా, చైనా?’ అని అడిగారు. ఈసారి తొందరపడలేదు. ‘ఏ ఇంజిన్‌కు సార్, క్యామ్ ఎక్కడుంది?’ అని అడిగాను. అక్కడి నుంచి అది ప్రశ్నలూ జవాబుల్లా కాక, మాటల్లా సాగింది.

ఇప్పుడు మీ వంతు. రెండు ఐడ్లర్లను పక్కపక్కన కాకుండా ఒకదాని తర్వాత ఒకటిగా క్రాంక్, క్యామ్ మధ్య పెడితే క్యామ్ ఎటు తిరుగుతుంది? కాగితం తీసి నాలుగు వృత్తాలు గీయండి.